వాన వెలిశాక ఇళ్ల ముందు పెట్రోలు తీస్తున్నవారికి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన వారం వాన వెలిసిన మరునాడు పొద్దున పాలప్యాకెట్ల కోసం బయలుదేరి, మా వీధిలో నూరు గజాల దూరంలోనే రెండు చోట్ల ఒకే పని జరుగుతుండగా చూశాను. మొదటి ఇంటి ముందు ఒకాయన కారు ట్యాంకు మూత తీసి, తోటకు నీళ్లు పట్టే పచ్చ పైపును లోపలికి దూర్చి, రెండో కొసను నోట పెట్టుకుని బుగ్గలు సొట్టలు పడేలా పీలుస్తున్నాడు. పదేళ్ల కొడుకు ఖాళీ పెయింటు బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. రెండో చోట అదే పని ఇంటి సెల్లారులో, ఇన్వర్టరుకు రెండు బారల దూరంలో, సెల్‌ఫోను లైటు వెలుగులో సాగుతున్నది. ఇద్దరి కారణమూ ఒకటే. రాత్రంతా కారు నీళ్లలో నిలబడింది కాబట్టి ట్యాంకులోకి నీరు చేరిందేమోనని అనుమానం. ఇద్దరికీ చెప్పాను. మొదటాయన విని పని ఆపాడు. రెండో ఇంట్లో "ఫోనులో చూసే చేస్తున్నాం లే సార్" అన్నారు. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైనా మన్నించి ప్రచురించగలరు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. బస్సుల ట్యాంకులు దించడం, అడుగున పేరిన మడ్డి కడగడం, చిల్లు పడితే అతికించడం నాకు రోజువారీ పనులు. అయితే అదంతా డీజిలు వ్యవహారం. గ్రీజు వదలడానికి డీజిలుతోనే చేతులు కడుక్కునేవాళ్లం. నేల మీద ఒలికితే రంపపు పొట్టు చల్లి ఊడ్చేసేవాళ్లం. ఒకటి రెండు సార్లు పైపు ఊడి ఒళ్లంతా తడిసినా, ఇంటికెళ్లి స్నానం చేసి మరునాడు డ్యూటీకి వచ్చేవాళ్లం. ఇంధనం అంటే నాకు భయం లేదు అనుకునేవాణ్ణి. ఆ ధైర్యం డీజిలు దగ్గర సంపాదించుకున్నదే గాని పెట్రోలు దగ్గర చెల్లదని 2021 నవంబరులో మా ఇంటి వాకిట్లో తెలిసింది.

ఆ నెల 18, 19 తేదీల వాన తిరుపతిలో ఎవరూ మరచిపోయి ఉండరు. కొండ మీది నీళ్లు కపిలతీర్థం మీదుగా ఊరి మీద పడ్డాయి. మా మేనల్లుడి కారు రెండు రోజులు వీధిలో తలుపుల దాకా నీళ్లలో నిలబడింది. నీళ్లు తీశాక నలుగురు కలిసి దాన్ని మెరకగా ఉన్న మా ఇంటికి తోసుకొచ్చి పోర్టికోలో నిలబెట్టారు. అప్పటికి ఊళ్లో ఏ షెడ్డులో చూసినా మునిగిన కార్లు వరుసకట్టి ఉన్నాయి, మెకానిక్కులు ఫోను ఎత్తే స్థితిలో లేరు. "మామా, పెట్రోలు తీసేసి కొత్తది పోస్తే సరిపోతుంది, రెండు నిముషాల పని, నువ్వట్లా కుర్చీ వేసుకుని కూర్చో" అన్నాడు మా వాడు. నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ రోజు సోమవారం, కార్తీక సోమవారం. మా ఇంటావిడ పొద్దుగూకే వేళ తులసికోట గూట్లో దీపం పెట్టి గుడికి వెళ్లింది. కోట నుంచి కారుకు పన్నెండు అడుగులు ఉంటుంది. నేను ఆ దీపాన్ని చూశాను, బకెట్టునూ చూశాను, రెండింటి మధ్య అంత దూరం ఉంది కదా అనుకున్నాను.

పైపు ట్యాంకు మూతి నుంచి జానెడు కూడా దిగలేదు, ఎక్కడో తట్టుకుంది. మావాడు వెనక సీటు ఊడదీసి, దాని కింద ఉన్న గుండ్రటి మూత విప్పి, పంపును పైకి లాగి, ఆ రంధ్రంలోంచి పైపు వేశాడు. నోటితో పీల్చాడు. ఒక గుక్క గొంతులోకి పోయి, దగ్గుతూ పైపు వదిలేస్తే కొంత పెట్రోలు గచ్చు మీద పడింది, మిగిలింది పెయింటు బకెట్టులోకి ధార కట్టింది. వాన తేమకు గాలి స్తంభించి ఉంది, ఆకు కదలడం లేదు. మా పోర్టికో గచ్చు నీళ్లు నిలవకుండా వాకిలి వైపు కొద్దిగా వాలుగా పోయించినది. ఆ వాలు తిన్నగా తులసికోట దగ్గర ఆగుతుంది. బకెట్టు సగం నిండి ఉంటుంది, దీపం దగ్గర ఏదో మెరిసినట్టయింది. చూసేలోపు నీలం రంగు మంట ఒకటి, అంగుళం ఎత్తు కూడా లేనిది, నేలనంటుకుని వాలు ఎక్కుతూ మా వైపు వచ్చింది. మంట బకెట్టు దగ్గర పుట్టలేదు. తులసికోట దగ్గర పుట్టి, పన్నెండు అడుగులు నడిచి, బకెట్టు దగ్గరికి వచ్చింది. ఆ నడకకు ఒక రెప్పపాటు పట్టి ఉంటుందేమో. తరువాత బకెట్టు భగ్గుమన్నది.

అటకకింద తడిసిన గోనెపట్టాలు ఉండడం మా అదృష్టం. రెండు పట్టాలు బకెట్టు మీద కప్పితే గాలి ఆడక మంట అణిగింది. ఈలోగా మావాడి పాలిస్టరు ప్యాంటు కరిగి కాలికి అంటుకుపోయింది, చీలమండ నుంచి మోకాలి దాకా చర్మం ఊడింది. ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉన్నాడు. అక్కడ డాక్టరు కాలిని చూసి కంగారు పడలేదు, పెట్రోలు మింగాడన్న మాట విని కంగారు పడ్డారు. పెట్రోలు కడుపులోకి పోతే ఒక ఎత్తు, దగ్గుతోనో వాంతితోనో ఊపిరితిత్తుల్లోకి దిగితే ఇంకో ఎత్తు అనీ, నీళ్లకంటే పలచనిది కాబట్టి ఒక్క చెంచాడు లోపలికి జారినా ఊపిరితిత్తి పొరల మీద పరుచుకుని న్యుమోనియా తెస్తుందనీ, అందుకే పెట్రోలు, కిరోసిను మింగినవాళ్లకు ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదనీ ఆయన చెప్పారు. మా వీధిలో ఆ సాయంత్రం అరడజను మంది ఉప్పునీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడిన సంగతి ఆయనకు నేను చెప్పలేదు. నోటితో పైపు పీల్చి జబ్బుపడినవాళ్లను చూడడం మన దేశంలో ఛాతీ వైద్యులకు కొత్త కాదట.

ఇక ఆ నీలం మంట సంగతి. మండేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరిని పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా వదులుతుంది; అంటే మన ఊళ్లో ఏ కాలమైనా, ఏ వేళైనా, మూత తీసిన క్షణం నుంచే అది సిద్ధంగా ఉంటుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. పొగలాగా పైకి పోదు. నీళ్లలాగా పల్లానికి పారుతుంది, గుంటల్లో, మెట్ల కింద, సైడుకాలువలో, సెల్లారులో నిలుస్తుంది, కంటికి మాత్రం కనిపించదు. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు చేరితే అంటుకోవడానికి చాలు, ఏడున్నర వంతు దాటితే గాలి చాలక అంటుకోదు. లెక్క వేసి చూస్తే, ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా ఆవిరైతే సుమారు పన్నెండు ఘనపు మీటర్ల గాలిని, అంటే ఒక చిన్న వంటగది అంత గాలిని, మండే స్థితికి తేగలదు. 2009 అక్టోబరులో జైపూరు దగ్గర ఇంధన డిపోలో జరిగిందీ ఇదే. గంటకు పైగా కారిన పెట్రోలు ముందు ఆవిరి మబ్బుగా ఆవరణంతా పరుచుకుంది, ఆ తరువాతే అంటుకుంది. పదిమందికి పైగా చనిపోయారు, మంటలు రోజుల తరబడి ఆరలేదు. మా వాకిట్లో జరిగింది దానికి దోసిలంత నమూనా.

డీజిలు అలా కాదని నేను పైన అన్నాను గాని, ఆ మాటకూ ఒక మినహాయింపు చెప్పుకోవాలి. మన దేశంలో అమ్మే డీజిలు కనీసం 35 డిగ్రీల దాకా అంటుకునే ఆవిరి ఇవ్వకూడదని ప్రమాణం. తిరుపతి మే నెల ఎండ 40 దాటుతుంది, ఎండలో నిలబెట్టిన రేకు డబ్బా వేడి చెప్పనక్కర్లేదు. గ్యారేజీలో మేం డీజిలుతో చేతులు కడుక్కున్న రోజులన్నీ అదృష్టంతో గడిచినవే అని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం మా పెద్ద మేస్త్రీ ఎన్నడూ తప్పనివ్వలేదు. చిల్లు పడిన ట్యాంకుకు అతుకు వేయాలంటే, ఎన్నిసార్లు కడిగినా సరే, అతుకు వేసే చోటు దాకా నీళ్లు నింపనిదే మంట దగ్గరికి రానిచ్చేవాడు కాదు. నిండు ట్యాంకులో ఆవిరికి చోటుండదు, ఖాళీ ట్యాంకు నిండా ఆవిరే. పెట్రోలు తీసేశాం కదా, ఇక భయం లేదని కారు కింద వెల్డింగు పెట్టించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంతకూ ఇళ్లలో పెట్రోలు తీసే పని ఈ మధ్య ఎందుకు ఎక్కువైందని ఆలోచిస్తే నాకు ఒక కారణం తోస్తున్నది. పాతరోజుల్లో ట్యాంకులోకి కాస్త నీరు దిగినా అది పెట్రోలులో కలవక అడుగున నిలిచేది. అంబాసిడర్ కారుకో, జీపుకో కింద ఉన్న బోల్టు విప్పితే ముందు నీరు, తరువాత పెట్రోలు వచ్చేవి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో నూటికి ఇరవై వంతుల దాకా ఇథనాలు అనే ఆల్కహాలు ఉంటున్నది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఈ మిశ్రమమే ఇప్పుడు దాదాపు అంతటా వచ్చింది. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. కొద్దిపాటి తేమను తనలో కలుపుకుని ఇంజనులోకి తీసుకుపోయి కాల్చేస్తుంది, అది మేలే. నీరు ఒక హద్దు దాటితే మాత్రం ఇథనాలు పెట్రోలును వదిలి నీటితో జత కట్టి అడుగుకు దిగుతుంది. పంపు పీల్చేది అడుగు నుంచే కాబట్టి కారు ఆగిపోతుంది. పైన మిగిలిన పెట్రోలు కూడా ఇథనాలు పోయి నాసిరకమవుతుంది. అందువల్ల ఇప్పుడు అడుగున చేరిన నీరు మాత్రమే తీస్తే చాలదు, ట్యాంకంతా ఖాళీ చేయాల్సి వస్తున్నది. ఈశాన్య రుతుపవనాల కాలంలో ప్రతి ఏటా మునిగే మన ఊళ్లో ఈ అవసరం ఇంకా పెరుగుతుందే గాని తగ్గదు.

అయినా పైపు చేత పట్టేముందు, అసలు తీయాలా వద్దా అని చూసుకోవాలి. నెలల తరబడి కదలని కారులో పెట్రోలు పాతబడిందని భయపడేవాళ్లు, అది మరీ పాడు వాసన కొట్టకపోతే, ట్యాంకు నిండా కొత్తది కలిపి నడిపేస్తే సరిపోతుంది. కారు అమ్ముతూ ట్యాంకులో ఐదు లీటర్లు వదలడానికి మనసొప్పక పైపు వేసేవాళ్లను నేను చూశాను. ఐదు లీటర్ల కోసం కొరివితో తల గోక్కోవడం ఎందుకు? డీజిలు కారులో పొరపాటున పెట్రోలు పోయిస్తే మాత్రం తీసి తీరాలి, ఆ పని ఇంట్లో కాదు. అప్పుడు సెల్ఫు కొట్టకపోవడమే కాదు, తాళం ఒక గడి కూడా తిప్పకూడదు. చాలా కార్లలో తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు తిరిగి, ఆ పెట్రోలును ముందుకు తోసేస్తుంది. డీజిలుకుండే జిడ్డు పెట్రోలుకు లేదు, పంపు భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని లక్షల ఖర్చు తెస్తాయి. గేరు న్యూట్రల్‌లో పెట్టి పక్కకు తోయించి, బీమా కంపెనీ నంబరుకు ఫోను చేస్తే చాలా పాలసీల్లో బండి లాక్కెళ్లే సదుపాయం ఉంటుంది. నీళ్లలో మునిగిన కారుకూ అంతే, మొదట ఆ ఫోను చేయాలి.

ఫోను వీడియోల్లో చూపేది చాలావరకు పాత బళ్ల పద్ధతి. ఇప్పటి కార్లలో చాలావాటికి ట్యాంకు మూతి లోపల ఒక రేకు తలుపో, జల్లెడో, బంతిలాంటి అడ్డో ఉంటుంది. బండి తిరగబడినా పెట్రోలు బయటికి రాకూడదనీ, దొంగలు పైపు వేయకూడదనీ పెట్టినది. బలవంతంగా దూర్చిన పైపు దిగినా తిరిగి రాదు, పైపు కోసి కొసముక్క లోపలే వదిలేసి మెకానిక్ దగ్గరికి పోయినవాళ్లు ఉన్నారు. మావాడు చేసినట్టు వెనక సీటు కింది మూత తీయడం ఇంకా చేటు. ఆ ఆవిరి అంతా కారు లోపలే నిండుతుంది, తలుపు తెరిస్తే వెలిగే లైటు దగ్గర నుంచి సీటు బట్ట రాపిడి దాకా అక్కడ నిప్పురవ్వలకు కొదవ లేదు. ఇంజను దగ్గర పైపు ఊడదీద్దామంటే, పెట్రోలు ఇంజక్షను కార్లలో ఆ పైపులో ఇంజను ఆగాక కూడా మూడు నాలుగు బార్ల ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు, నిలిచి ఉంటుంది, విప్పగానే ముఖం మీదికి చిమ్ముతుంది. పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట తానే ఆగేదాకా నడిపి, ఒత్తిడి దించాకే తెలిసిన మెకానిక్కులు ఆ పైపు ముట్టుకుంటారు. కొత్తరకం డీజిలు ఇంజన్ల ఇంజెక్టరు పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లకు పైమాటే. ఆ ధార చర్మంలోంచి లోపలికి దూరగలదు. ఇంటి దగ్గర ఆ పైపుల జోలికి ఎవరూ పోకూడదు.

మరీ విధిలేక, అడ్డు లేని పాత కారు నుంచో, మోటారు సైకిలు నుంచో ఇంటి దగ్గరే తీయాల్సి వస్తే నేను చేసే తీరు చెబుతాను. పగటిపూట, ఇంజను పూర్తిగా చల్లారాక, నాలుగువైపులా గాలి ఆడే బయలు ప్రదేశంలోకి బండిని తోసుకెళ్తాను. పోర్టికో బయలు కాదు, సెల్లారు అసలే కాదు. చుట్టూ యాభై అడుగుల మేర పొయ్యి, దీపం, అగరుబత్తి, దోమలచుట్ట, నీళ్ల మోటారు, బీడీ కాల్చే మనిషి లేకుండా చూసుకుని, పల్లపు వైపు మరీ ఎక్కువ దూరం చూస్తాను. బ్యాటరీ నెగెటివు వైరు ముందే తీసేస్తాను, పెట్రోలు వాసన మొదలయ్యాక దాన్ని ముట్టుకోకూడదు. అదే కారణంగా, ఇంట్లోకి వాసన వచ్చిందని తెలిశాక లైటు వేయడమూ వద్దు, ఆర్పడమూ వద్దు. రెండింటిలోనూ స్విచ్చు లోపల రవ్వ లేస్తుంది. నూలు బట్టలు కట్టుకుని, ఫోను ఇంట్లో పెట్టి, పిల్లలను లోపలికి పంపి, తోడుగా ఒక పెద్దమనిషిని మాత్రం ఉంచుకుంటాను. ఆయన చేతిలో పొడి చిమ్మే మంటలార్పే సిలిండరు, పక్కన రెండు బకెట్ల ఇసుక ఉండాలి. నీళ్ల బకెట్టు పెట్టుకుంటే ఉపయోగం లేదు. పెట్రోలు నీటి మీద తేలి, నీరు పోయిన చోటికల్లా మంటను మోసుకుపోతుంది.

పీల్చడానికి నోరు వాడను. మధ్యలో రబ్బరు ఉండ ఉండి, పిసికితే లాగే చేతిపంపులు హార్డువేరు షాపుల్లో దొరుకుతాయి, పెట్రోలుకు పనికొస్తుందని దాని మీద రాసి ఉన్నదే కొనాలి. పొలాల్లో డీజిలు తోడడానికి వాడే పన్నెండు వోల్టుల చిన్న మోటార్లను కొందరు పెట్రోలుకూ పెడుతున్నారు. వాటి లోపల బ్రష్షులు తిరుగుతూ రవ్వలు రాలుస్తాయి, అవి పెట్రోలు కోసం చేసినవి కావు. డబ్బా నేల మీదే ఉండాలి, డిక్కీలో చాప మీద పెట్టి నింపకూడదు. ఇక్కడ కొంతమంది నవ్వుతారు గాని, పైపులోంచి పారే పెట్రోలు ఆ రాపిడికే విద్యుత్తు కూడగట్టుకుంటుంది. రేకు డబ్బాను రాగి తీగతో కారు ఇనుప భాగానికి, రంగు లేని చోట, ముందుగా కలిపి కడితే ఆ విద్యుత్తు రవ్వగా దూకకుండా దిగిపోతుంది. ప్లాస్టిక్ బకెట్టుకు ఎన్ని తీగలు కట్టినా లాభం లేదు. పైపు కొస డబ్బా అడుగుకు తగిలి ఉండాలి, ఎత్తు నుంచి ధార పడకూడదు. డబ్బా అంచుదాకా నింపకుండా పదో వంతు ఖాళీ వదిలి వెంటనే బిగించేయాలి. ఒలికితే ఇసుక చల్లి, ఆ ఇసుకను బయలులో ఆరనిచ్చి, వాసన పూర్తిగా పోయేదాకా బండికి తాళం పెట్టకూడదు. బట్టల మీద పడితే ఆ బట్టలతో వంటింట్లోకి పోకూడదు. ఒకవేళ కాలితే, తడిసిన బట్టలు తీసి, చర్మానికి అంటుకున్న ముక్కను మాత్రం లాగకుండా వదిలి, కొళాయి కింద ఇరవై నిముషాలు నీళ్లు పారించి ఆసుపత్రికి పోవాలి. టూత్‌పేస్టు, సిరా పూయకూడదు. మావాడికి ఎవరో పేస్టు పూశారు, దాన్ని గీకి తీయడానికే నర్సులకు అరగంట పట్టింది.

చట్టం కూడా ఒకటుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా ఇంట్లో లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగిన పెట్రోలు 30 లీటర్లకు మించకూడదు. గట్టిగా మూత బిగిసే డబ్బాల్లోనే ఉంచాలి, గాజుదీ పింగాణీదీ అయితే ఒక లీటరు, లోహానిదైతే 25 లీటర్లు దాటకూడదు. అందులో ప్లాస్టిక్ అన్న మాటే లేదు. చాలా కార్ల ట్యాంకు 35 లీటర్ల పైన పడుతుంది. అంటే అలాంటి నిండు ట్యాంకును ఇంట్లో డబ్బాల్లోకి దించినవాడు, తెలియకుండానే చట్టం గీసిన గీత దాటినట్టే. ఇరవై లీటర్ల తాగునీళ్ల క్యానులో పోసి మెట్ల కింద పెట్టినవాణ్ణి నేనెరుగుదును. మంచినీళ్ల క్యానులో పెట్రోలు పోసి ఇంట్లో పెట్టడం ఎంతటి పనో ఆ ఇంటి పిల్లలను తలచుకుంటే తెలుస్తుంది.

తీసిన పెట్రోలు ఏం చేయాలన్నది అన్నిటికంటే చిక్కు ప్రశ్న, దీనికి మన ఊళ్లో సరైన జవాబు లేదు. నీరు కలిసిన పెట్రోలును బంకువాళ్లు తీసుకోరు. షెడ్డువాళ్లు బోల్టులు కడగడానికి అడుగుతారు, అదీ ఐదారు లీటర్లు. మిగిలింది చీకటి పడ్డాక సైడుకాలువలోకి పోతుంది. 1992 ఏప్రిల్ 22న మెక్సికో దేశంలోని గ్వాదలహారా నగరంలో పైపులైను నుంచి కారిన పెట్రోలు మురుగు కాలువల్లోకి చేరి, ఆవిరై నిండి, వీధులకు వీధులే పేలిపోయాయి. రెండు వందల మందికి పైగా చనిపోయారు. మన వీధి చివరి మ్యాన్‌హోలులోకి ఒక క్యాను పెట్రోలు పోస్తే ఊరు పేలదు గాని, మరునాడు దాన్ని శుభ్రం చేయడానికి దిగే కార్మికుడి సంగతి ఎవరూ తలచరు. కాలువలో పడింది చివరికి స్వర్ణముఖికి చేరేదే. మరికొందరు దాన్ని దాచిపెట్టి భోగి మంటకు వాడతారు. తెల్లవారుజామున మంచుకు కట్టెలు అంటుకోలేదని, సగం రాజుకున్న మంట మీద క్యానుతో పెట్రోలు గుమ్మరించడం ఏటా చూస్తున్నాను. ఆ ధార వెంబడి మంట క్యాను దాకా ఎక్కుతుంది.

కనుక మీ పత్రిక ద్వారా నేను కోరేది మూడే. అగ్నిమాపక శాఖవారు వేసవిలో జరిపే ప్రచారంతో పాటు, అక్టోబరులో వానలకు ముందు కూడా ఒక రోజు పెట్టుకుని, వార్డు సచివాలయాల దగ్గర నలుగురికీ ఈ ఆవిరి సంగతి చేసి చూపించాలి. వాలుగా పెట్టిన రేకు దోనె పై కొసన పెట్రోలులో ముంచిన గుడ్డ, కింది కొసన వెలిగించిన కొవ్వొత్తి ఉంటే చాలు, వారి చేతిమీదుగా జరిగే ఆ ఒక్క ప్రదర్శన నా ఉత్తరం కంటే బాగా చెబుతుంది. రెండోది, ఆటోనగర్‌లోని మెకానిక్ సోదరులు వాన కాలంలో ఇళ్ల దగ్గరికి వచ్చి ట్యాంకు ఖాళీ చేసే ఏర్పాటు ఒకటి, తగిన పంపుతో, రేకు డబ్బాలతో, నిర్ణీత రేటుతో పెట్టుకుంటే వారికీ ఆదాయం, జనానికీ మేలు. మూడోది నగరపాలక సంస్థకు. పాడైన పెట్రోలు, డీజిలు, ఇంజను ఆయిలు తెచ్చి అప్పగించడానికి ఊళ్లో ఎక్కడో ఒక చోటు చూపించి, దాన్ని అనుమతి ఉన్నవారి చేత తీయించండి. మావాడి కారులో తీసిన పెట్రోలు, మంటలో పోగా మిగిలిన ఆరేడు లీటర్లు, రేకు డబ్బాలో బిగించి మిద్దె మీద నీడలో మూడు నెలలు పెట్టుకున్నాను. ఎవరికివ్వాలో తెలియక చివరికి తెలిసిన షెడ్డతన్ని బతిమాలి ఇచ్చి వచ్చాను. పోయిన వారం మా వీధిలో తీసిన పెట్రోలు ఎక్కడికి పోయిందో నాకు తెలియదు గాని, మొన్న సాయంత్రం మా సందు చివర కాలువ దగ్గర నిలబడితే పెట్రోలు వాసన వచ్చింది. అక్కడే బజ్జీల బండి పెట్టుకునే ఆమెను ఆ రోజుకు పొయ్యి వెలిగించవద్దని చెప్పి, బండిని పై వీధిలోకి తోయించాను.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత మెకానిక్,
బైరాగిపట్టెడ, తిరుపతి.